చప్పుడు మానేసిన గేటు

ఆయా వచ్చేసరికి ఆమె చీర ఇంకా ఆరలేదు. ఈతకొలను మందు వాసన గది నిండా కమ్ముకుంది. అసిస్టెంటు కుర్చీ జరిపినా కూర్చోలేదు.

"పాప బతికింది సార్. ఆస్పత్రిలో ఉంది. నేను గేటు తీసి వదిలేశానంటున్నారు అయ్యగారు. సాయంత్రం లోపల ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పజెబుతారట. నేను గేటు వేశాను సార్!"

డిటెక్టివు భూతద్దం గారు తల పైకెత్తారు. ఆయన చేతిలో భూతద్దం ఎన్నడూ ఎవరూ చూడలేదు. అయినా ఊరంతా ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది.

"పాప ఎక్కడుంది అప్పుడు?"

"పెరట్లో ఆడుకుంటోంది. పాలు తేవడానికి లోపలికెళ్ళాను. నాలుగు నిమిషాలు. ఆ గేటు ఉందిగా అని ధైర్యం."

"పదమ్మా, చూద్దాం."

కొలను చుట్టూ మనిషి ఎత్తు ఇనుప కంచె. గేటుకి గట్టి స్ప్రింగు, గొళ్ళెమేమో పెద్దవాళ్ళ భుజం ఎత్తున ఉంది. మూడేళ్ళ పిల్లకి అది అందే ప్రశ్నే లేదు. అసిస్టెంటు గేటు తెరిచి వదిలింది. ఫటేలుమని మూసుకుంది. ఆమె ఉలిక్కిపడింది.

"మళ్ళీ మొదలైందా!" పక్కింటి డ్రిల్లు మాస్టారు గోడ మీంచి తొంగిచూశాడు. "రెండ్రోజులు చప్పుడు లేక ప్రాణం హాయిగా ఉంది."

భూతద్దం గారు ఆయాని అడిగారు. "పాప నీళ్ళలో కనబడగానే గేటు ఎలా తీశావు? నిదానంగా గుర్తుచేసుకో."

"వేసే ఉంది సార్. లాగాను, వచ్చేసింది."

"గొళ్ళెం ఎత్తలేదా?"

ఆయా గొళ్ళెం వైపు చూసింది. "లేదు... ఎత్తలేదు."

ఇంటాయన బయటికొచ్చాడు. రాత్రి డ్యూటీ మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెరటి వైపు ఆయన పడకగది కిటికీకి మందపాటి నల్ల తెర వేలాడుతోంది. "దాని మాటలు నమ్మి నా ఇంటికొచ్చారా?"

"నేల కాలుతోందండీ. ఆ మూలనున్న రబ్బరు చెప్పులు తొడుక్కోనా?" అంటూనే భూతద్దం గారు కాళ్ళు దూర్చేశారు. రెండడుగులు వేసి, ఒక కాలు పల్లంలో పడ్డట్టు ఒరిగారు. తర్వాత గేటు స్తంభాన్ని వేలితో తడిమారు. వేలు అంటుకుంది. అసిస్టెంటు అదీ చూసింది, ఇదీ చూసింది. కానీ రెంటికీ ముడి పడలేదు.

పాప బట్టల కోసం ఇంటావిడ ఆస్పత్రి నుంచి రాగానే భూతద్దం గారు అందర్నీ గేటు దగ్గర నిలబెట్టారు. మాస్టారు కూడా గోడ దిగి వచ్చాడు.

ఆయన కుడికాలి చెప్పు విప్పి చూపించారు. మడమ దగ్గర కత్తితో ముక్క కోసేసిన ఖాళీ. "ఆ ముక్క ఇప్పుడు లేదు. అందుకని రెండోదాన్నుంచి కోద్దాం."

అసిస్టెంటు కోసిచ్చిన ముక్కని స్తంభం మీది జిగురుకి అదిమి గేటు వదిలారు. గేటు మెత్తగా వచ్చి ఆగింది. చప్పుడే లేదు.

"వేసినట్టుందా?"

"వేసే ఉంది," అన్నాడు మాస్టారు.

"అమ్మా, మోకాళ్ళ మీద కూర్చోండి. పాప ఎత్తున పట్టుకుని లాగండి."

ఇంటావిడ లాగింది. గేటు తెరుచుకుంది.

"గొళ్ళెం కొక్కెంలో పడకుండా రబ్బరు అడ్డుపడింది. మూసినట్టే కనబడింది కాబట్టి ఆయమ్మ నమ్మింది. పాప లాక్కుని లోపలికి పోయింది, స్ప్రింగు మళ్ళీ వెనకాల మూసేసింది. ఈ గేటు చప్పుడుకి పగలు నిద్ర పట్టనిది ఈ ఇంట్లో ఒక్కరికే. అంబులెన్సు వెళ్ళగానే ముక్క పీకేసిందీ ఆయనే. జిగురు మాత్రం మిగిలిపోయింది."

ఇంటాయన కొలను గట్టు మీద కూలబడ్డాడు. "అంతకుముందు వారం రోజులు కంటి మీద కునుకు లేదు. ఇంతవుతుందనుకోలేదు..."

"అనుకోలేదు, సరే," అన్నారు భూతద్దం గారు. "మరి ఆయమ్మని స్టేషనుకి పంపాలని అనుకునే చెప్పారు కదా?"

ఇంటావిడ ఆ ముక్క పీకి ఆయన ఒళ్ళో పడేసింది. "దీన్ని పట్టుకుని స్టేషనుకి నువ్వెళ్ళు. జరిగింది జరిగినట్టు చెప్పు."

తర్వాత ఆయా చెయ్యి పట్టుకుంది. "పద. పాప లేచిన దగ్గర్నుంచీ నిన్నే అడుగుతోంది."

వాళ్ళ వెనకాల గేటు ఫటేలుమంది. ఈసారి అసిస్టెంటు ఉలిక్కిపడలేదు.