మూత ఉన్న పాత్ర

సరిగ్గా మిట్టమధ్యాహ్నం! ఆకాశాన్ని కాటుకమబ్బులు కమ్మేసి పట్టపగలే చీకటి దిగింది. ఎక్కడో ఉరుము... దాని వెనకే, వేళ మరిచిన గుడ్లగూబ కూత...

కిటికీలు బిగించిన ఆ మేడగదిలో పదమూడు రాగి పాత్రలు వలయంగా అమర్చి ఉన్నాయి. ఒక్కో దాని కింద జోస్యం చెప్పే టారో కార్డు ఒక్కొక్కటి. నడుమ ఒక నరకపాలం, దాని కిందా ఒక కార్డు. కపాలం వెనక, కలశాల గురువని పిలిపించుకునే మాంత్రికుడు! అతని ఎదుట, రెప్ప వేయకుండా నవ్వుతూ ఒక స్త్రీ...

ఆమె కళాయివాడి భార్య. గిన్నెల లోపల తగరపు కళాయి పూసి బతికే ఆ మనిషి, గురువు చేయించిన రాగి మూతతో గుమ్మంలో నిలబడ్డాడు. ధైర్యవంతుడేం కాదు పాపం. బల్లి మీద పడితే వీధంతా వినపడేలా అరిచే రకం.

తొమ్మిది నెలల కిందట వాళ్ళ ఐదేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. భార్య రాత్రింబవళ్ళు ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక ఆమెను ఈ గదికి తీసుకొచ్చింది ఇతడే. కళాయి పూసేముందు గిన్నె లోపలి మడ్డినంతా తోమి, రాగి తేలేదాకా రుద్దడం అతని పని. దుఃఖాన్నీ అలాగే తోమేయిస్తే మనిషి మళ్ళీ మెరుస్తుందనుకున్నాడు. ఆ తెలివికి ఏమని పేరు పెట్టాలో నాకైతే తెలియదు!

"టారోలో పాత్ర అంటే హృదయం, అందులోని నీరు మమత. పాత్రల బొమ్మలున్న ఈ జాతిలో పద్నాలుగు కార్డులు. వారానికొక పాత్రలోకి ఆమె దుఃఖాన్ని దించేస్తాను," అన్నాడు గురువు.

దించాడు. మొదటి వారం ఆమె నిద్రపోయింది. మూడో వారం కడుపునిండా తింది. ఐదో కార్డు మీద నల్లబట్టల మనిషి ఒలికిపోయిన మూడు పాత్రలను చూసి కుమిలిపోతుంటాడు, వెనక నిండుగా నిలిచిన రెంటిని చూడడు. ఆ వారం ఇంటికొచ్చి, గోడమీది ఫోటో చూసి, "ఎవరి పిల్ల బావా, ముద్దుగా ఉంది?" అని అడిగింది.

కళాయివాడి పైప్రాణాలు పైనే పోయాయి. గురువు తోడుతున్నది దుఃఖాన్ని ఒక్కదాన్నే కాదు, ప్రేమను కూడా. రెండూ ఒకటే నీళ్ళు!

ఆపుదామంటే ఆమె ఇంట్లో నిలిస్తేగా? గురువు తలచుకుంటే చాలు, ఆమె కంఠంలోంచి కర్కశమైన మగగొంతు పలికేది. గొళ్ళెం ఊడబెరికి ఇటే పరుగెత్తేది. పన్నెండు పాత్రలు నిండాయి. ఇక ఆమెలో మిగిలింది కూతురి ముద్దుపేరొక్కటే! అదీ ఇవాళ జారిపోతే ఆమె వట్టి దేహం. ఆ దేహం గురువుది. అలా ఖాళీ అయిన ముగ్గురు స్త్రీలు గోడవార నిలబడే ఉన్నారు, కళ్ళు తెరుచుకుని, ఏమీ చూడకుండా... వాళ్ళ శోకమూ ఈ పాత్రల అడుగునే ఉంది.

"ఒరే కళాయీ, మూత తే," అన్నాడు గురువు. "పదమూడోది రాణి. ఈ జాతి మొత్తంలో మూత ఉన్న పాత్ర ఆమెదొక్కటే. ఆ మూత బిగిస్తే నేను రాజును. రాజు సముద్రం మీద సింహాసనం వేసుకు కూర్చుంటాడురా. పాదం తడవదు. అందరి గుండెలూ నావే, నా గుండెకు మాత్రం చుక్క అంటదు."

మంత్రోచ్చారణ ఉద్ధృతమైంది. కపాలనేత్రాల్లో రక్తకాంతి దేదీప్యమానమైంది! ఆమె మెడ వెనక్కి విరిగినట్టు వాలింది. పెదవులు పాత్ర అంచుకు ఆనాయి.

"చెప్పు. ఆ పేరు ఇందులోకి చెప్పు."

"బు..."

కళాయివాడు మూత పట్టుకుని రెండడుగులు వేశాడు. నీకెలా ఉందని ఈ తొమ్మిది నెలల్లో అతణ్ణి ఎవరూ అడగలేదు. గురువు కూడా తల్లి దుఃఖాన్నే అంచనా వేశాడు. కళాయివాడి చెయ్యి మూతను వదిలేసి భార్య భుజం పట్టుకుంది.

"బుడంకాయే," అన్నాడు. "మన బుడంకాయ. అలా పిలిస్తే మూతి ముడుచుకునేది. జ్వరంలోనూ ముడుచుకుంది..."

తొమ్మిది నెలల్లో అతని మొదటి కన్నీటిబొట్టు రాణి పాత్రలో పడింది.

భూమి కంపించిందా అన్నంత ఉరుము! రెండో కార్డు మీద ఇద్దరు ఎదురెదురుగా నిలిచి పాత్రలు పంచుకుంటారు. ఒకరి దుఃఖంలో మరొకరి దుఃఖం కలిస్తే అది ఏ మంత్రానికీ లొంగదు. విద్యలన్నీ నేర్చిన గురువుకు ఆ కార్డే అర్థం కాలేదు! పన్నెండు పాత్రలూ ఒక్కసారిగా పొంగి పొర్లాయి... నీళ్ళు కపాలాన్ని చుట్టాయి... దాని కిందున్న రాజు కార్డు తడిసింది...

"ఎవరివీ ఏడుపులు? ఆపండి... గుండె మండిపోతోంది..." అని గురువు అరిచాడు.

ఏనాడూ ఎవరికోసమూ కన్నీరు కార్చని ఆ గుండె మీద నలుగురు తల్లుల శోకం విరుచుకుపడింది. కలశాల గురువు చీలమండ లోతు నీళ్ళలో బోర్లా పడి, నడిసంద్రంలో మునిగేవాడిలా కొట్టుకుని కొట్టుకుని చచ్చాడు. కపాలం ముక్కలైంది. గోడవార స్త్రీలు ముగ్గురూ రెప్పలార్చి, తమతమ బిడ్డల పేర్లు పలికారు.

కళాయివాడి భార్య మాత్రం కేక పెట్టింది. గుండెలు చీల్చే ఆ కేక విని అతను హడలిపోయాడు. తోమించిన బాధనంతా తానే మళ్ళీ తెచ్చి ఆమె ఒళ్ళో పోశాడు కదా. ఆమె పిడికిళ్ళతో అతని రొమ్ము మీద కొట్టింది. చేతులు అలిసిపోయాక అతని తడిముఖం చూసింది.

"ఇన్నాళ్ళూ నువ్వెందుకు ఏడవలేదు బావా?"

"నువ్వు ఏడుస్తున్నావుగా. నేనూ ఏడిస్తే నిన్నెవరు ఓదారుస్తారని."

"ఓదార్చమని నిన్నెవరడిగారు? నా ఒక్కదానికే కూతురైనట్టు, నేనొక్కదాన్నే ఏడ్చాను."

అతను ఆ నీళ్ళలోనే ఆమె పక్కన కూలబడి, బిడ్డ పేరు పెట్టి పిలుస్తూ, వాన వెలిసేదాకా ఏడ్చాడు.