వదులుగా కట్టిన తాడు

అనీస్ గొంతు కోసి చేపల మార్కెట్ ఐసు గుట్టలో పడేశారు. సౌదీలోని యాన్బు హార్బర్‌లో జాయ్సీకి కళ్లూ చెవులూ అతనే. ఆ కబురు చెప్పడానికి వచ్చిన ఫోన్‌లో ముందు కోడ్ నడిచింది.

"గేటు వేశావా?"

"గొర్రెలు లోపలే ఉన్నాయి సార్."

ఢిల్లీ నుంచి గూఢచార సంస్థ చీఫ్ మౌలా సాహెబ్. నాన్చడం ఆయనకు చేతకాదు.

"అనీస్ పంపిన చివరి మెసేజ్ ఇది. బాంబులు నింపిన బోటు హార్బర్‌లో ఉంది. పొద్దుగూకేలోపు గ్యాస్ జెట్టీని ఢీకొడుతుంది. నడిపేది కాపరి."

జాయ్సీ చేతిలో సిరంజి ఆగిపోయింది. లోకం దృష్టిలో ఆమె కంపెనీ క్లినిక్‌లో నర్సు. ఈ పూట ఆ జెట్టీ మీదే పనిచేస్తున్న ఫిట్టర్ దానం ఆమె మొగుడు. పెళ్లాం గురించి అతనికి తెలిసిందీ అంతే.

"కోస్ట్ గార్డ్‌కి చెప్దామా సార్?"

"సైరన్ వినబడిన మరుక్షణం బోటు వదిలేస్తాడు. విదేశీ డైవర్ల బోట్లు మూడున్నాయి, వాటిలో ఒకటి వాడిది. తప్పు బోటు ఎక్కావా, వాడి కంట్లో పడతావు. ఒక్కటే ఛాన్స్. అఫ్షాన్ నీకు బ్యాకప్."

కాపరి అన్నది మారుపేరు. ఆ టెర్రరిస్టు ఫొటో ఏ ఏజెన్సీ దగ్గరా లేదు. తెలిసిందల్లా వాడు పుట్టిన ఊరు. జర్మనీ ఉత్తర తీరంలో గుప్పెడు ఇళ్ల పంచాయతీ. వాడి జాడ కోసం జాయ్సీ ఆ ఊరి వృద్ధాశ్రమంలో నర్సు వేషంలో ఏడాది గడిపింది. వాడి తల్లి ఎల్కేకి తన చేత్తోనే సూప్ తాగించింది.

విచిత్రమైన ఊరది. రోజుకి రెండుసార్లు సముద్రం లేచి వెళ్లిపోయేది. కనుచూపు మేర బురద మిగిలేది. రొయ్యల పడవలు అందులో పక్కకి ఒరిగి కునుకు తీసేవి. పిల్లలు బూట్లు చేత పట్టుకుని బురదలో షికారు వెళ్లేవాళ్లు. వంటింటి గోడకి మనం క్యాలెండర్ తగిలించినట్టు వాళ్లు ఆటుపోట్ల పట్టిక తగిలించుకునేవాళ్లు. ఊరికి కాపలాగా పచ్చిక కట్ట, కట్ట మీద గొర్రెలు, దారికి గేట్లు. గేటు వేయకుండా పోతే పాస్టర్‌గారికైనా తిట్లు తప్పవు. ఇక వాన నిలువుగా పడితే ఒట్టు, ఎప్పుడూ అడ్డంగానే కొట్టేది. ఆ వాన మీద ఎంత విసుగో, ఎల్కే ముసలమ్మ మీద జాయ్సీకి అంత ప్రేమ.

అబాయా కప్పుకుని హార్బర్ చేరేసరికి అఫ్షాన్ అక్కడే ఉంది. అల్ ఖోబర్ హోటళ్లలో పార్టీలు నడిపే హైదరాబాదీ అందగత్తె.

"మూడింట్ల ఏదో ఎట్ల తెలుస్తది జాయ్సీ?"

"తాళ్లు చూడు."

యాన్బులో నీళ్లు పెద్దగా ఎక్కవు, దిగవు. రెండు బోట్లని గట్టుకి బిగించి కట్టారు. మూడోదాని తాడు మాత్రం బారెడు వదులుగా వేలాడుతోంది. ఆటుపోట్ల ఊళ్లో తాడు పొట్టిగా కడితే, నీళ్లు పోయాక పడవ గోడకి వేలాడుతుంది. కాపరి పాస్‌పోర్ట్ మార్చాడు, పేరు మార్చాడు, చిన్నప్పుడు చేతికి పట్టిన అలవాటు మాత్రం మార్చుకోలేకపోయాడు.

జాయ్సీ పిల్లిలా బోటులోకి దిగింది. క్యాబిన్‌లో ఎర్రగడ్డం మనిషి వైర్లు కలుపుతున్నాడు. అంతలో ఆమె మెడకి తుపాకి గొట్టం చల్లగా తగిలింది.

"షాబాష్," అంది వెనక నుంచి అఫ్షాన్. "అనీస్ గూడ ఇట్లనే తెలివి జూపిండు. నేనే కోసిన."

జాయ్సీకి ఒళ్లు మండిపోయింది. మోచేయి వెనక్కి విసిరింది. అఫ్షాన్ ముక్కు పగిలింది. గురి తప్పిన గుండు క్యాబిన్ అద్దాన్ని పిండి చేసింది. జాయ్సీ జేబులోని థర్మామీటర్ నిజానికి మత్తుసూది. అది మెడలో దిగగానే అఫ్షాన్ గుడ్లు తేలేసి కూలిపోయింది.

కాపరి కత్తి జాయ్సీ భుజాన్ని చీల్చింది. రెండో చేయి ఆమె గొంతు నులుముతోంది. ఊపిరి ఆడక, ఆమె జర్మన్‌లో గొణిగింది.

"ఎల్కే పోయింది. ఫిబ్రవరిలో. కళ్లు నేనే మూశాను. చివరిదాకా నిన్నే పిలిచింది."

అది నిజం. వాడి పట్టు సడలింది. ఆ సందులోనే, పగిలిన అద్దంలోంచి జాయ్సీ అందుకున్న గాజుపెంకు వాడి గొంతులో దిగింది. తల్లి చావుతో కొడుకుని పొడిచినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వాడు పడుతూ పడుతూ స్విచ్ నొక్కేశాడు. ఇంజన్ గర్జించింది. బోటు తాడు తెంచుకుని జెట్టీ వైపు ఉరికింది. ఎదురుగా పసుపు హెల్మెట్లు. అందులో దానం ఎవరో కూడా తెలియడం లేదు.

స్టీరింగ్ మొరాయించింది. జాయ్సీ తన బరువంతా వేసి తిప్పి, జేబులోని స్టెతస్కోపుతో కట్టేసింది. అఫ్షాన్‌కి లైఫ్ జాకెట్ తగిలించి నీళ్లలోకి తోసి, తనూ దూకింది. బోటు జెట్టీ కొసని రాసుకుంటూ బయటి సముద్రంలోకి దూసుకుపోయి, అక్కడ ముక్కలు ముక్కలుగా పేలింది.

అఫ్షాన్‌ని రాళ్ల మీదికి ఈడ్చి చేతులు కట్టేస్తుండగా వాటర్‌ప్రూఫ్ ఫోన్ మోగింది. దానం.

"ఏమే, సముద్రంలో ఏదో బోటు పేలిపోయిందే! మా పక్కనుంచే పోయింది! నువ్వు క్లినిక్ దాటి బయటికి రాకు. అసలే టపాకాయ కాలిస్తే చెవులు మూసుకుంటావు."

జాయ్సీ కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. కసిగా ముడి బిగించింది.

"అలాగేనండి," అంది. "మీరొచ్చేదాకా కుర్చీలోంచి లేవనండి."