వేడి చాలని టబ్బు

శనివారం పొద్దున్న తల్లి అమ్మాజీ పెసరట్లు వేస్తుంటే, గీతిక భోజనాల బల్ల మీద హాట్ టబ్బుల బ్రోషర్లు పరిచింది. హైటెక్ సిటీలో ఉద్యోగం స్థిరపడగానే ఆమె ఫిల్మ్‌నగర్ ఇంటి మేడ మీద ఒక గది వేయించింది. అందులో తండ్రి నడుము కోసం టబ్బు పెట్టించాలని ఆమె పట్టుదల. తండ్రి వరప్రసాద్ ఫైట్ మాస్టర్. హీరోల బదులు మేడల మీంచి దూకి దూకి, ఇప్పుడు కుర్రాళ్ళకు దూకడం నేర్పుతున్నాడు. వేడినీళ్ళు, టబ్బు గోడల్లోంచి నీళ్ళు చిమ్మే జెట్ల ఒత్తిడి నడుముకు మంచివని డాక్టరు చెప్పాడు.

"ఇవాళైనా ఏదో ఒకటి ఖాయం చేద్దాం నాన్నా. ఒక షాపులో జెట్లు చాలవన్నావు, ఇంకో షాపులో వేడి చాలదన్నావు."

"గుంటూరులో పుట్టినవాణ్ణి. వేడి గురించి నాకు చెబుతావా?"

"పెళ్ళిచూపుల్లోనూ ఇంతే మీ నాన్న," అంది అమ్మాజీ అట్టు తిరగేస్తూ. "అన్ని ఊళ్ళూ తిరిగి, కాళ్ళు నొప్పి పుట్టాక నా దగ్గర ఆగారు."

జూబ్లీహిల్స్ షోరూములో సేల్స్‌మన్ క్రాంతికుమార్ ఆయన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"మాస్టర్ సాబ్, గట్ల నిలబడొద్దు, కూసోండ్రి. మా దగ్గర గీ మోటరే పెద్దది. నీళ్ళు నింపి చూపిస్త."

అక్కడ దిగి స్నానం చేయడం కుదరదు. అందుకే వరప్రసాద్ మిగతా షాపుల్లో లాగే ప్యాంటు పైకి మడిచి, టబ్బు అంచు మీద కూర్చుని, ఎడమకాలు నీళ్ళలో పెట్టాడు. నడుము పట్టేసేది ఆ వైపే. జెట్లు వేయగానే నీళ్ళు తెల్లగా నురగలెత్తాయి.

"ఏదీ, తగులుతున్నట్టే లేదు. కాస్త పెంచు బాబూ. వేడి కూడా."

క్రాంతికుమార్ పెంచాడు. కాసేపాగి మళ్ళీ పెంచాడు.

"గిదే ఆఖరు సార్. దీని మీద మిషన్ ఎక్కదు."

"గోరువెచ్చగా కూడా లేదు. పదమ్మా, ఇదీ లాభం లేదు."

గీతిక కదల్లేదు. "నీకు నచ్చనిది టబ్బు కాదు నాన్నా. నేను కొనడం. ఆ మాట సూటిగా చెప్పేస్తే ఈ తిరుగుడు మానేద్దాం."

"అదేం మాట?"

"మరేంటి? మేడ మీద గది వేయిస్తే ఒక్కసారైనా ఎక్కి చూశావా? ఆ గదిలో పాలు పొంగించిన రోజు కూడా కిందే కూర్చున్నావు."

క్రాంతికుమార్ గుడ్డ తీసుకుని, షోరూము ఆ చివరికి వెళ్ళి అద్దాలు తుడవసాగాడు. వినిపించనంత దూరం వెళ్ళడం అతని మంచితనం.

వేడి నిజంగా చాలదా అని అమ్మాజీ టబ్బులో చెయ్యి ముంచి, చటుక్కున తీసేసింది.

"ఏవండీ, కాలు బయటికి తీయండి. నీళ్ళు కాలిపోతున్నాయి."

ఆయన తీశాడు. పిక్క దాకా ఎర్రగా కందిపోయి ఉంది.

"రెండో కాలు పెట్టండి," అంది అమ్మాజీ.

"ఎందుకులే."

"పెట్టండి."

కుడి పాదం నీటికి తగలగానే వెనక్కి లాక్కున్నాడు.

"ఎప్పటి నుంచి?" అని గీతిక అడిగింది.

"వానలప్పటి నుంచి. చెప్పు జారిపోయినా తెలియదు. మెట్లెక్కుతుంటే పాదం ఎక్కడ పడిందో చూసుకోవాలి."

"డాక్టరుకి చెప్పలేదా?"

"నడుము పట్టేసిందనే చెప్పాను."

సెట్లో కట్ అనగానే కిందపడ్డ ఫైటరు తనకేం కాలేదని చేతి బొటనవేలు ఎత్తి చూపాలి. ఎవరో వచ్చి దెబ్బ తగిలిందా అని అడిగేలోపే చూపాలి. ఆలస్యమైతే మర్నాడు ఆ దూకే పని ఇంకొకడికి ఇస్తారు. వరప్రసాద్‌కు అది ఇంట్లోనూ అలవాటైపోయింది.

"మరి ఈ షాపులన్నీ ఎందుకు తిరిగావు నాన్నా?"

"గట్టి జెట్ అయితే తెలుస్తుందేమో అనుకున్నానమ్మా. ఏదో ఒక టబ్బులోనైనా."

క్రాంతికుమార్ ఎప్పుడు వచ్చాడో, మోటరు ఆపి, పొడి తువ్వాలు అంచు మీద పెట్టాడు. "ఇయ్యాల ఏం కొనకుండ్రి మేడం. ముందుగాల డాక్టరుకు చూపెట్టుండ్రి. టబ్ యాడికి పోతది?"

గీతిక నేల మీద కూర్చుని ఆ ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుని తుడిచింది. తర్వాత అరికాలిలో వేలితో నొక్కింది.

"ఇక్కడ తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదమ్మా."

వేలు మడమ దాటింది, పిక్క దాటింది. మోకాలి పైన ఆగింది.

వరప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. "అక్కడ నొప్పిగా ఉంది," అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట అమ్మాజీ వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

గీతిక వేలు తీయలేదు. "ఇంకా ఎక్కడ నాన్నా?" అంది.

ఆయన ఒక్కొక్క చోటే చెప్పడం మొదలుపెట్టాడు.