మంచునీళ్ల సాక్ష్యం

రత్నం తలమీంచి చున్నీ తీసేసరికి డాక్టర్ భానోజీ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. నున్నటి గుండు!

"ఏటమ్మా ఈ పని? నీ జడేదీ?"

"సింహాద్రి అప్పన్నకి ఇచ్చేశాను బాబూ. జొరమొచ్చి పాపకి ఒంటిమీద స్పృహ లేదని మా ఆయన ఫోన్ చేశారు. ఇక్కణ్నుంచి నేనేం చెయ్యగలను? తలనీలాలిస్తానని మొక్కుకున్నాను. తగ్గిపోయింది. బిడ్డని బతికించిన దేవుడికి మొక్కు ఎగ్గొడతానా?"

భానోజీ కుర్చీలో కూలబడ్డాడు. ఆయన కంగారేమిటో తెలియాలంటే ముందు మీకు ఆ యంత్రం సంగతి చెప్పాలి.

ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద తేలే కొత్త నగరం హెల్మార్. అక్కడి జనం తాగేది కరిగిన మంచు. మంచునీళ్లలో బరువైన ఆక్సిజన్ తక్కువ, మన విశాఖ నీళ్లలో ఎక్కువ. తాగిన నీళ్ల గుర్తు వెంట్రుకలో ఉండిపోతుంది. వెంట్రుక నెలనెలా కాస్త పెరుగుతుంది కదా, మొదలు నుంచి చివరిదాకా చదివితే మనిషి ఎప్పుడెక్కడున్నాడో తెలిసిపోతుంది. భానోజీ కనిపెట్టిన స్కానర్ చేసే పని అదే. దొంగ ముద్రలతో విసిగిపోయిన హెల్మార్ వాళ్లు కాగితాలన్నీ రద్దుచేసి దీన్నే నమ్ముకున్నారు. ఏడాదిలో సగమైనా తమ నీళ్లు తాగినవాళ్లకే పర్మనెంట్ రెసిడెన్సీ. మిగతావాళ్లకి గేటు మూతే.

రత్నం భర్త సన్యాసిరావు అక్కడ వెల్డరు. అయిదేళ్ల జాజి పుట్టిందీ అక్కడే. రత్నానికి వచ్చిన పని మాత్రం సముద్రపు నాచు పెంపకం, అది వెచ్చటి నీళ్లలో తప్ప బతకదు. అందుకని ఏటా కొన్ని నెలలు భీమిలి తీరంలో పని, మిగతా నెలలు పిల్ల దగ్గర. ఆ పని నెలల్లో జడ ముందుకేసుకుని, ఇదిగో ఇంతమేర జాజితో ఉన్నానని వేళ్లతో తడుముకునేది, పిచ్చి తల్లి! ఆ జడ ఇప్పుడు కొండమీద ఉండిపోయింది.

విశాఖ రేవులో, ఓడ ఎక్కేముందు జరిగే పరీక్ష ఇది. నెత్తిమీద అప్పుడే మొలుస్తున్న వెంట్రుకల్ని గీకి భానోజీ స్కానర్‌లో పెట్టాడు.

"ఈ మనిషి హెల్మార్‌లో ఎన్నడూ లేదు" అంది యంత్రం.

"ఎన్నడూ లేనా? నా పిల్లని కన్నది అక్కడే కదండీ!" రత్నం భోరుమంది. "మీరెరుగుదురు. ఒక్క మాట చెప్పండి బాబూ."

"నా మాట ఎవడిక్కావాలమ్మా? మనిషి మాట అక్కర్లేకుండా ఉండాలనే కదా దీన్ని చేసి చచ్చాను!" ఆయన తనమీద తనే విసుక్కున్నాడు. "దానికి నీళ్లు తప్ప మనుషులు తెలీరు. ఎక్కడ కూర్చుని తాగినా సరే, ఆ నీళ్లయితే చాలు."

రత్నం ఏడుపాపి ఆయన వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

హెల్మార్‌లో నాచు దింపి ఖాళీగా తిరిగొచ్చే ఓడల్లో సన్యాసిరావు డబ్బాలకి డబ్బాలు మంచునీళ్లు పంపాడు. రత్నం అవే తాగింది, అన్నమూ పప్పూ వాటితోనే వండుకుంది. ఎండలో పనిచేసొచ్చినా పక్కింటి మజ్జిగ ముట్టలేదు. ఇవే నీళ్లు నా పిల్ల కూడా తాగుతోంది కదా అనుకుంటూ తాగేది. ఫోన్‌లో జాజి మాటలన్నీ వినబడేవిగానీ, దాన్ని ఒళ్లో వేసుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది. దాని పాలపన్ను ఊడింది, జాకెట్టు పొట్టిదైపోయింది. అన్నీ తెర మీదే చూసింది.

జుట్టు వేలెడు పెరిగాక, విశాఖ నీళ్ల గుర్తున్న చివర్లు కత్తిరించేసుకుని మళ్లీ రేవుకెళ్లింది. ఫోన్‌లో తండ్రీ కూతుళ్లు చూస్తున్నారు. భానోజీ తలెత్తకుండా మీట నొక్కాడు.

"ఈ మనిషి హెల్మార్ వదిలి ఒక్కరోజు కూడా బయటికి వెళ్లలేదు. రెసిడెన్సీ ఖాయం."

సన్యాసిరావు ఈలవేశాడు. రత్నం "అప్పన్నా!" అంటూ అక్కడికక్కడే దండం పెట్టుకుంది. జాజి మాత్రం మూతి ముడిచింది. స్కానర్ అబద్ధమాడదని హెల్మార్ బళ్లో పిల్లలకి చెబుతారు మరి.

"ఇక్కడే ఉన్నావా అమ్మా? అయితే నా దగ్గరికెందుకు రాలేదు?"