గేటు స్క్రీన్ మీద బంగారమ్మ పేరు

సరిహద్దులో గొడవలు మొదలయ్యాక, టీవీ ముందు నుంచి లేచిన ప్రతివాడికీ ఎరువుల ఫ్యాక్టరీ మీద ఒక డ్రోన్ కనిపించసాగింది. దాంతో పుకార్లు ఆపడానికి యాజమాన్యం ఫ్యాక్టరీ కాలనీ గేటు దగ్గర పెద్ద స్క్రీన్ పెట్టి, ‘మూలవాణి’ అనే యంత్రాన్ని తెప్పించింది.

దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి కాలనీవాళ్ళకి ఓపిగ్గా చెప్పింది. "స్తంభాల మీద మైకులుంటాయి. ఒక మాట నలుగురి నోళ్ళలో పడగానే, కంప్యూటర్ దాన్ని వెనక్కి వెతుక్కుంటూ పోతుంది. మొదట అన్న గొంతు పట్టుకుని పేరు స్క్రీన్ మీద వేస్తుంది."

"నిజమే అన్నారనుకోండి?" అంది బి-బ్లాకు కబుర్లన్నీ మోసే నూకరత్నం.

"నిజమో కాదో తేల్చడం దాని పని కాదండీ."

"అసలు మాట్లాడకపోతే?"

"దాని లెక్కలో మీరు లేనట్టే."

మొదట సెలూన్ సన్యాసిరావు పేరు పడింది. గాలిపటాన్ని చూసి డ్రోన్ అన్నాడు. "సన్యాసిరావూ, నా కొప్పు మీద ఏదో వాలింది. డ్రోనేమో చూడు నాయనా," అని నూకరత్నం వీధి వీధంతా వినేలా అడిగింది. అతను వారం పాటు షాపు తెరవలేదు.

ఆ కాలనీకి పాత అలవాటొకటుంది. అమ్మోనియా వాసన ముందు ఎవరికి తగిలితే వాళ్ళు బాల్కనీలోంచి "తడిగుడ్డ" అని కేకేస్తారు. పక్క బాల్కనీ అందుకుంటుంది. సైరన్ మోగేలోపు కాలనీ అంతా ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని తలుపులేసుకుంటుంది.

ఒక పొద్దున బట్టలారేస్తున్న నూకరత్నానికి ఘాటు తగిలింది. నోరు తెరిచింది. స్తంభం మీద మైకు కనిపించింది. ఒకవేళ అది అమ్మోనియా కాకపోతే? సన్యాసిరావు సెలూన్ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నట్టే అనిపించింది. నోరు మూసుకుని లోపలికెళ్ళి, తడిగుడ్డ కట్టుకుని కిటికీలు బిగించింది.

మేడ మీద ఎదురింటి బంగారమ్మ మిరపకాయలు ఎండబెడుతోంది. ఆవిడకి ఉబ్బసం.

కాసేపటికి "తడిగుడ్డ" అని బంగారమ్మ గొంతే వినిపించింది. ఆవిడ దగ్గుతూ మెట్లు దిగి, ఒక్కో తలుపూ కొట్టి, కింద పడిపోయింది. సైరన్ ఆ తర్వాత మోగింది. గేటు స్క్రీన్ మీద మాత్రం పేరు వెంటనే పడింది.

ఆసుపత్రిలో బంగారమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపింది.

"నేను పుకారు పుట్టించానని గేటు మీద ఏశారంట గదే. లీకేం లేదు, నా కేక ఇనే సైరన్ ఏశామంటన్నారంట ఆఫీసోళ్ళు. నువ్వెళ్ళి చెప్పు. నీకూ వాసనొచ్చింది కదా?"

నూకరత్నం దుప్పటి అంచు సర్దింది.

"నాకు జలుబు ఒదినా. ఏ వాసనా తెలీలేదు."

"అయ్యో, అందుకేనా నీ గొంతు ఇనపళ్ళేదు," అంది బంగారమ్మ. "ఆ ఫ్లాస్కులో మిరియాల పాలున్నాయి. నాకోసం తెచ్చినవే. నువ్వు తాగు, తగ్గుద్ది."

ఆవిడ చూస్తుండగా నూకరత్నం గ్లాసు ఖాళీ చేసింది. బి-బ్లాకులో ఆమె ఎవరికీ చెప్పని కబురు, తనకి జలుబు లేదన్నదొక్కటే.