నాలుగో చెరువు బురద

"ఈసారి ఎవర్ని చంపాలి సార్?"

"ఇంకా తేలలేదు. మీ ఆవిడనే కావచ్చు," అన్నాడు చీఫ్, టీలో బిస్కెట్ ముంచుతూ.

ఏజెంట్ మొహంలో ఒక్క నరం కూడా కదల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని పిల్లి అంటారు. ఎక్కణ్ణుంచి పడేసినా కాళ్ల మీదే నిలబడతాడని ఆ పేరు. పెళ్లాం విషయంలో మాత్రం మూడేళ్లుగా చతికిలబడే ఉన్నాడు. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

మూడేళ్ల క్రితం ఆమెను ఒక విదేశీ ముఠాలోకి డబుల్ ఏజెంట్‌గా పంపింది ఈ చీఫే. ఇప్పుడామె రొయ్యల రీసెర్చ్ ఫారంలో మైక్రోబయాలజిస్టు. అక్కడివాళ్లకు డాక్టరమ్మ.

"వారం క్రితం ముఠా ఆమె చేతికి ఒక ఫ్లాస్క్ ఇచ్చింది," అన్నాడు చీఫ్. "లోపల ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా. వారం పది రోజులు అడుగుమట్టిలో దాక్కుని పెరుగుతుంది. పైకి లేచిందంటే రెండ్రోజుల్లో చెరువులో ఒక్క రొయ్య మిగలదు. ఫారంలో ఏదో ఒక చెరువులో పొయ్యమన్నారు. పక్కన మనిషిని నిలబెట్టి మరీ పోయించారు. రేపు పొద్దున పది గంటలకి ఫారం తూము ఎత్తుతారు. ఆ నీళ్లు పెద్ద కాలవలో కలుస్తాయి. ఆ కాలవ మీద తొమ్మిది వేల చెరువులున్నాయి."

"తను మనకేం చెప్పింది?"

"నాలుగో చెరువులో పోశానంది." చీఫ్ ఫైలు తెరిచి, పరీక్షకి బట్టీ పట్టేవాడిలా చదివాడు. "మొదటి రెండు చెరువులూ ఎండగట్టి ఉన్నాయి. మూడో చెరువులో ఒట్టి రొయ్యలు. నాలుగోదాంట్లో రొయ్యలతో పాటు బురద మేసే చేపలు, ఆల్చిప్పలు కలిపి పెంచుతున్నారు. చేపలు అడుగుమట్టిని కెలుకుతాయి, మిగిలిన మేత తినేస్తాయి. మట్టికి గాలి తగిలి మంచి బ్యాక్టీరియా బలుస్తుంది. బయట్నుంచి వచ్చిన క్రిమిని అది బతకనివ్వదు. వారంలో ఫ్లాస్క్ సరుకంతా చస్తుందట. అదే ఒట్టి రొయ్యల చెరువైతే, అడుగున కుళ్లిన మేతలో ఆ క్రిమికి రాజభోగం."

"ఎందుకొచ్చిన గొడవ సార్. తూము ఎత్తకుండా ఆపేద్దాం."

"ఆపితే ఆమె మన మనిషని ముఠాకి తెలిసిపోతుంది. అక్కడికక్కడే కాల్చేస్తారు. ఎత్తాక ఆమె చెప్పింది అబద్ధమని తేలితే తొమ్మిది వేల చెరువులూ గోవిందా."

"నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"ఆమె బతకాలని కోరుకునేవాడివి ఈ బిల్డింగ్‌లో నువ్వొక్కడివే. నువ్వే ఆపావంటే ఇక ఎంక్వైరీ అక్కర్లేదు."

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. మట్టిలో గుచ్చితే, ఆ క్రిమి ఉంటే ములికి ఎర్రబడుతుంది. ఒక్కసారే పనిచేస్తుంది. ఆమె అబద్ధమాడి ఉంటే క్రిమి ఉండేది అక్కడే కాబట్టి మూడో చెరువులో గుచ్చమన్నాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకు పిల్లి మోటార్ మెకానిక్ వేషంలో జీపు దిగి ఫారం గట్టెక్కాడు. నూనె మరకల నీలం బట్టలు, అంటించిన మీసం, చేతిలో బారెడు స్పానర్. తూము చక్రం పక్కన గేటు తాత కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. అవతలి గట్టున టోపీ పెట్టుకున్నవాడొకడు గాలం వేసుకుని ఉన్నాడు. ఒక్కసారైనా ఎర మార్చలేదు. చేపల మీద వాడికి ధ్యాస లేదని తెలుస్తూనే ఉంది.

డాక్టరమ్మ వచ్చింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నల్ల కళ్లద్దాలు. బురదలో నడిచినా మచ్చ అంటని మనిషి.

"ఈ మోటారు ఎప్పట్నుంచి మూలుగుతోంది మేడమ్?"

"వానలకి ముందు నుంచీ." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "సన్నబడ్డావు."

అంతే. మూడేళ్ల కోపం ఆ ఒక్క మాటకి నీరుగారిపోయింది. పిల్లి మూడో చెరువు అంచున వంగి పెన్ను గుచ్చాడు. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ములికి తెల్లగానే ఉంది. ఆమె మూడులో పోయలేదు. నిజమే చెప్పింది. అతనికి అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది.

"తూము ఎత్తెయ్ తాతా, టైమవుతోంది," అందామె.

తాత లేచాడు. "ఈ అమ్మ చేతికి ఎముక లేదు బాబూ. పోయిన వారం నాలుగో చెరువులో చేపలన్నీ పట్టించి మాకే పంచింది. ఆల్చిప్పలు కూడా ఏరించేసింది. వారంగా మా ఇంట్లో రోజూ చేపల కూరే."

పిల్లి స్పానర్ కింద పెట్టాడు. పెన్ను అయిపోయింది. ఇక మిగిలింది చెయ్యే. నాలుగో చెరువులోకి భుజం దాకా దించి గుప్పెడు మట్టి పైకి తీశాడు. నల్లటి బురద, కుళ్లిన గుడ్డు కంపు. కెలికే చేపలు లేక వారంలోనే ఆ మట్టి చచ్చిపోయింది.

తొమ్మిది యాభై ఎనిమిది. తాత చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఆగు తాతా. చక్రం పళ్లు తుప్పు పట్టాయి. ఆఫీసుకెళ్లి గ్రీజు పట్రా."

తాత వెళ్లాక పిల్లి చక్రం పళ్ల మధ్య స్పానర్ దూర్చి, కాలితో తన్ని బిగించాడు. ఇక దాన్ని కదిలించడం ఎవడి తరమూ కాదు.

ఆమె కళ్లద్దాలు తీసింది. "నేను అబద్ధం చెప్పలేదు. నాలుగులోనే పోశాను."

"చేపల్ని తీసేశాక పోశావు."

"మూడేళ్లు. ఎలా ఉన్నావని మీలో ఒక్కరూ అడగలేదు. వాళ్లు అడిగారు."

అడగొద్దని ఆర్డర్. అతను ఆర్డర్ పాటించాడు.

పది దాటింది. కాలవలోకి చుక్క నీరు పడలేదు. అవతలి గట్టున టోపీవాడు గాలం పక్కన పెట్టి పొడుగాటి సంచీ జిప్పు లాగుతున్నాడు. ఆమె కూడా చూసింది.

"జీపుందిగా. నన్ను తీసుకెళ్లు. నేరుగా జైలుకే తీసుకెళ్లు, వస్తాను."

"ఆ జీపులో ప్యాసింజర్లని ఎక్కించుకోరు మేడమ్," అని అతను నడక మొదలుపెట్టాడు. తిరిగి చూస్తే వెనక్కి పరిగెడతాడని అతనికి తెలుసు. ఇప్పటికీ ఆమె అంటే ప్రాణం. అందుకే చూడలేదు.

వెనక రెండుసార్లు టప్ టప్‌మంది. తర్వాత ఏదో నీళ్లలో పడింది.

టోపీవాణ్ణి మెయిన్ గేటు దగ్గర మనవాళ్లు పట్టుకున్నారు. సాయంత్రానికల్లా ముఠా మొత్తం లోపలికెళ్లింది. నాలుగో చెరువుకు గట్లు బిగించి లారీల కొద్దీ సున్నం పోశారు.

చీఫ్ అతని భుజం తట్టి సంతాపం తెలిపాడు. భార్య పోతే మూడ్రోజుల సెలవుంటుందనీ, కాకపోతే వారం ముందే అప్లై చేసుకోవాల్సిందనీ అన్నాడు.