గోడ అడిగితే గడ్డి

"నా చేన్లో గూటాలు కొడతాండారే, ఎవరు మీరు?"

పురుషోత్తమ్ కేకకు ఆ అమ్మాయి సుత్తి ఆపలేదు. "వినుత. జలానయన ఇలాఖె. మీ అమ్మ ఒప్పుకునిందప్పా, అడిగి చూడు."

పోయిన ఏడు బట్లహళ్ళిలో అతని టొమేటో తోటను వంక ఊడ్చుకుపోయింది. గట్టుకు కాంక్రీటు గోడ కట్టిస్తారని ఎదురుచూస్తుంటే, సర్కారు వాన నీళ్ళు, వంకల పనులు చూసే ఆ శాఖ నుంచి ఈ అమ్మాయిని పంపింది. వంక ఒడ్డున కొంత నేల దున్నకుండా వదిలేయాలట. అక్కడ గడ్డి, తుంగ, కానుగ పెరిగి వరదను నెమ్మది చేస్తాయట. వదిలిన నేలకు సర్కారే పరిహారం ఇస్తుందట.

"గోడ అడిగితే గడ్డి ఇస్తారా మేడమ్?"

"గోడ కడితే నీళ్ళు కిందోళ్ళ చేన్లో పడతాయి. గడ్డయితే నీళ్ళకు నచ్చచెబుతాది."

"నచ్చచెప్పేది మీకూ బాగానే వచ్చు."

ఆమె నవ్వింది. అతను తర్వాత అనబోయిన మాట మర్చిపోయాడు.

అప్పట్నుంచి వినుత ప్రతి వారం స్కూటీ మీద వచ్చేది. పురుషోత్తమ్ ఏదో ఒక తగువు తీసేవాడు. తగువు లేకపోతే ఆమె తొందరగా వెళ్ళిపోతుంది మరి!

ఆగస్టులో వాన పట్టుకుంది. వంక ఎర్రగా పొంగిందని విని అతను పరుగెత్తేసరికి, వినుత అప్పటికే ఒడ్డున తడిసి ముద్దయి ఉంది. వరద గడ్డిలోకి దూరి, వెడల్పుగా పరుచుకుని, మెత్తబడింది. టొమేటో సాళ్ళలోకి పాదం తడిసేంతే వచ్చింది. తోట నిలిచింది.

అయినా ఆమె కళ్ళనిండా నీళ్ళు. తన చేత్తో నాటిన కానుగ మొక్కల్లో సగం కొట్టుకుపోయాయి.

"మళ్ళీ నాటుదాం" అన్నాడతను మెల్లగా.

"ఎవరు నాటేది? నన్ను గుడిబండెకి ట్రాన్స్‌ఫర్ చేసినారు. సోమవారం పోవల్ల."

"మొక్కల్ని నేను చూసుకుంటా. నువ్వు లేకుంటే నన్నెవరు చూస్తారు?"

"ఇన్నాళ్ళూ మేడమ్ అంటాంటివి!"

"అది ఇలాఖెకు. ఇది నీకు."

ఆమె చెంపలు తుడుచుకుంది. అవి వాన నీళ్ళో, కన్నీళ్ళో అతనికి తెలియలేదు. "ఇంత ఆలస్యంగానా చెప్పేది? ప్రతి వారం రమ్మని ఇలాఖెలో నాకెవరూ చెప్పలేదప్పా."

కొడుకు కోసం గొడుగు పట్టుకొచ్చిన పురుషోత్తమ్ తల్లి హనుమక్క ఆ మాట విననే వింది. గొడుగు వినుత తలమీదికి జరిపింది.

"ఏమ్మా, మీ నాయన ఇంట్లో యా పొద్దుంటాడు? మేమొచ్చి మాట్లాడల్ల."

వినుత సిగ్గుతో తల వంచుకుంది గానీ, జవాబుకు మాత్రం తడుముకోలేదు.

"ఆదివారం పొద్దంతా ఉంటాడమ్మా. తెల్లారే వచ్చేయండి."